తెర దించిన మర్నాడు పిల్లలు ఏం చేసేవాళ్ళు?

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాము. తీరిక చూసుకొని చదవండి. మొన్నటి కార్యవర్గ సమావేశంలో సగంలో ఆగిపోయిన మాట ఒకటుంది. దాని గురించే ఇది.

ఉగాది రోజు భోజనాలయ్యాక మన హాలు పక్కనున్న చిన్న గదిని పిల్లలకు వదిలిపెట్టిన సంగతి మీకు తెలుసు. ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదని నిబంధన పెట్టాము. నాలుగేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా పద్నాలుగు మంది పిల్లలు. గదిలో రెండు చాపలు, ఒక పాత చీర, టెంటు సామాను వచ్చిన అట్టపెట్టెలు ఉన్నాయి. ఇంకేం కావాలి, ఇల్లు పీకి పందిరి వేస్తారు అనుకున్నాము. పది నిమిషాల తర్వాత తలుపు తీసి చూస్తే పిల్లలు గోడ వారగా కూర్చొని ఉన్నారు. ఎవరూ కొట్లాడుకోవడం లేదు, ఏడవడం లేదు. ఊరికే కూర్చున్నారు. ఏడేళ్ళ పిల్లాడొకడు లేచి వచ్చి, "ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?" అని అడిగాడు.

ఏది స్టార్ట్ కావాలో మాకు అర్థం కాలేదు. ఆ గదిలో ఎవరో వచ్చి ఏదో చూపిస్తారని వాడు అనుకున్నాడు. తామే మొదలు పెట్టాలన్న ఊహ వాడికి రాలేదు.

తర్వాతి సమావేశంలో దీని మీద మాటలు నడిచాయి. ఆ గదిలో పెద్ద టీవీ ఒకటి పెట్టి మంచి పిల్లల సినిమాలు వేద్దామని ఒకరు కొటేషన్ కూడా తెచ్చారు. ఫోన్లే పిల్లల్ని చెడగొట్టాయని పెద్దవాళ్ళు అన్నారు. అప్పుడు చిన్నపిల్లల తల్లి ఒకామె లేచి అడిగింది: "మీరు సినిమాలు చూడలేదా? రామాయణం వచ్చేటప్పుడు ఊరంతా టీవీ ముందు కూర్చోలేదా? తెరకు అతుక్కుపోవడం మా పిల్లలతోనే మొదలైందా?"

ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. టీవీ విషయం వాయిదా పడింది. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఆమె అడిగింది నిజమే కదా. బళ్ళారి తెరలు తెలియని ఊరు కాదు. తెర అంటే ఈ జిల్లాకున్నంత మోజు ఇంకెక్కడా లేదని కూడా అనొచ్చు. అందుకని మాలో కొందరం కూర్చొని, పాత సభ్యులతో మాట్లాడి, ఒక లెక్క వేసుకున్నాము. ఈ ఊరికి ఏ తెర ఎప్పుడొచ్చింది? తెర దించిన మర్నాడు పిల్లలు ఏం చేసేవాళ్ళు?

మొదటి తెర తోలుబొమ్మలాటది. కన్నడంలో తొగలుగొంబె ఆట అంటారు. ఊరి బయలులో నాలుగు గుంజలు పాతి, తెల్ల పంచె బిగించి కట్టి, వెనకాల ఆముదం దీపాలు పెట్టేవాళ్ళు. మేకతోలును పలచగా గీకి, రంగులు వేసి, సన్నని చిల్లులు పొడిచి చేసిన బొమ్మలు. చిల్లుల్లోంచి వెలుగు వచ్చి రాముడి నగలు మెరిసేవి. రామాయణ భారత కథల మధ్యలో నవ్వించడానికి మన తెలుగువైపు జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తే, కన్నడంవైపు కిళ్ళేక్యాత, బంగారక్క వచ్చేవాళ్ళు. సరిహద్దు ఊళ్ళలో ఎవరొచ్చినా నవ్వు ఒకటే.

ఈ కళ ఇంకా పూర్తిగా పోలేదు. మన బళ్ళారిలోనే బెళగల్లు వీరన్న గారు దీన్ని ఎంతో కాలం నిలబెట్టారు. పురాణ కథలే కాకుండా గాంధీజీ కథను, స్వాతంత్ర్య పోరాటాన్ని కూడా తోలుబొమ్మలతో ఆడించారు. 2023లో రోడ్డు ప్రమాదంలో పోయారు. అటు ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇక మర్నాడు. మాలో ఇద్దరు తమ అవ్వల దగ్గర విన్నది, ఒకరు స్వయంగా చేసింది చెబుతున్నాము. తెల్లారి పాత విస్తరాకు కత్తిరించి, చీపురుపుల్ల గుచ్చి, హనుమంతుణ్ణి చేసేవాళ్ళు. అవ్వ చీర తెర అయ్యేది. దీపం దొరకదు కాబట్టి ఎండకు ఎదురుగా కట్టుకునేవాళ్ళు. పద్యం రానివాడు నోటికొచ్చిన కూత కూసేవాడు. రాత్రంతా చూసిన కథలో తమకు నచ్చిన ముక్క ఒక్కటే ఉంచుకొని తక్కినది వదిలేసేవాళ్ళు. సీతమ్మ కోసం యుద్ధం అక్కర్లేదు, లంక తగలబెడితే చాలు. మళ్ళీ బొమ్మలాటవాళ్ళు ఆ ఊరికి వచ్చేది ఏ ఏడాదికో. ఆ ఏడాది అంతా ఆట పిల్లలదే.

రెండో తెర నాటకానిది. ఇక్కడ బళ్ళారి పేరు చెప్పకుండా తెలుగు నాటక చరిత్ర రాయడం కుదరదు. 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఇక్కడే వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ పెట్టి నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడన్న పేరు ఆయనది. చిత్రనళీయం, విషాద సారంగధర ఆయనవే. ఆ కాలంలోనే కోలాచలం శ్రీనివాసరావు గారు సుమనోరమ సభతో చారిత్రక నాటకాలు వేశారు. విజయనగరం పతనం మీద ఆయన రాసిన నాటకం హంపికి కూతవేటులో ఉన్న జనానికి ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు. ధర్మవరం వారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో వకీలు వృత్తి చేస్తూ, దేశమంతా తిరిగి నటించి, ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, 1946లో కన్నుమూశారు. రాఘవ కళామందిరం ముందు నుంచి మనం రోజూ పోతుంటాము. పిల్లల్ని అడిగి చూడండి, అదొక ఫంక్షన్ హాలు అనుకుంటారు.

పల్లెల్లో నాటకం కంటే బయలాట ఎక్కువ. రాత్రి పది గంటలకు మొదలైతే కోడి కూసేదాకా. నాటకాల పిచ్చి పడితే పిల్లలు చెడిపోతారని పెద్దవాళ్ళు తిట్టిన మాట కూడా మా ఇళ్ళల్లో చెప్పుకునేవాళ్ళు. అంటే ఈ భయం కొత్తది కాదు. ఆమె ప్రశ్నలో సగం న్యాయం ఇక్కడే ఉంది. ప్రతి తరం పెద్దలకూ పిల్లలు చూసేదాని మీద అనుమానమే.

కానీ మర్నాటి సంగతి చూడండి. నాటకం చూసొచ్చిన పిల్లలు పాత క్యాలెండర్ అట్టకు కాగితం అంటించి కిరీటం చేసుకునేవాళ్ళు. దుర్యోధనుడి వేషం కోసం కొట్లాట. ఓడినవాడు భీముడయ్యేవాడు, ఆట చివర్లో గెలిచేది తానేనని తర్వాత గుర్తొచ్చి సంతోషపడేవాడు. తెలుగిళ్ళ పిల్లలు, కన్నడమిళ్ళ పిల్లలు, దక్కనీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు ఒకే వీధిలో ఆడేవాళ్ళు. పీర్ల పండుగ అయిన వారం రోజులు కర్రకు రంగుగుడ్డ చుట్టి అన్ని ఇళ్ళ పిల్లలూ ఊరేగించేవాళ్ళు. ఎవరి పండుగ అన్న ప్రశ్న ఆ వయసుకు రాదు.

మూడో తెర సినిమాది. రాఘవ గారే సినిమాలోకి కూడా వెళ్ళారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు వేశారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డలో నటించారు. సినిమా వ్యాపారంలో మన ప్రాంతాన్ని ఈనాటికీ సీడెడ్ అంటారు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినప్పుడు పడిన పేరది. రాష్ట్రాలు మారినా, భాషల లెక్కన గీతలు గీసినా, సినిమా డబ్బాలు మాత్రం ఆ పాత లెక్కనే వచ్చేవి. అందుకే తెలుగు సినిమాలు మనకు ఎప్పుడూ దూరం కాలేదు.

1957లో మాయాబజార్ వచ్చింది. ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పేటిక ఉంటుంది, గుర్తుందా? మూత తీసి చూసినవాళ్ళకు తమకు ఇష్టమైనదేదో అదే కనిపిస్తుంది. ఇప్పటి ఫోన్ అదేనని చాలామంది సరదాగా అంటారు. చిన్నప్పుడు మాలో ఒకరి ఇంట్లో అక్కచెల్లెళ్ళు ఖాళీ ట్రంకుపెట్టెను ప్రియదర్శిని చేసుకొని ఆడేవాళ్ళట. మూత తీసి లోపలికి తొంగి చూసి, "నాకు మదరాసు కనిపిస్తాంది" అని ఒకరు, "నాకు మా మేనత్త కనిపిస్తాంది, లడ్డు తెస్తాంది" అని ఇంకొకరు. లోపల ఏమీ లేదు, పాత దుప్పటి తప్ప. అందులో ఏం కనిపించాలో ఆ పిల్లలే చెప్పాలి. ఫోన్‌లో ఆ పని ఫోనే చేసి పెడుతుంది.

సినిమాకు ఇంకో గుణముంది. మూడు గంటల తర్వాత అయిపోతుంది. దీపాలు వెలుగుతాయి, లేచి ఇంటికి రావాలి. టికెట్టు డబ్బులు మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయో తెలియదు. ఆ మధ్య రోజులన్నీ కొబ్బరిచిప్పను కర్రకు కట్టిన గదతో గడిచేవి.

తెర లేని వినోదాలు కూడా ఉన్నాయి. మదరాసు రేడియోలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల కార్యక్రమం నడిపేవాళ్ళు. 1947 జూలైలో చందమామ తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. తర్వాత 1949లో కన్నడం చందమామ వచ్చింది. బళ్ళారిలో కొన్ని ఇళ్ళకు రెండూ వచ్చేవి. ఒకే బొమ్మ కింద రెండు లిపులు చూసి మాలో ఒకరు కన్నడం చదవడం నేర్చుకున్నారు.

నాలుగో తెర టీవీ. ఇందులో మన జిల్లా కథ కొంచెం తమాషాగా ఉంటుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని వాడుకొని మన ప్రభుత్వం సైట్ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీలు ఇచ్చారు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. తెలుగుకూ కన్నడానికీ ఒక్కొక్క భాషకు పొద్దున ఇరవై రెండున్నర నిమిషాలు. తూర్పున కర్నూలు జిల్లాకు వచ్చింది, ఉత్తరాన రాయచూరు జిల్లాకు వచ్చింది. మధ్యలో ఉన్న బళ్ళారికి రాలేదు. ఈ ప్రయోగం గురించి ఇప్పుడు ఆలోచిస్తే మాకు ఆ ఇరవై రెండున్నర నిమిషాలే గుర్తొస్తాయి. పిల్లలకు టీవీ ఎంతసేపు అన్న ప్రశ్నకు ఈ దేశంలో మొదట వచ్చిన జవాబుల్లో అదొకటి.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలై 1988 జూలై దాకా నడిచింది. ఆదివారం పొద్దున వీధులు ఖాళీ. ఆమె అన్నది నిజమే, మేమంతా అతుక్కుపోయాము. టీవీ ఉన్న ఇంట్లో వీధి వీధంతా కూర్చునేది. కానీ పదిన్నరకు ఏమయ్యేదో కూడా చెప్పాలి. చీపురుకట్ట నుంచి పుల్లలు మాయమయ్యేవి. ఈతబరిక వంచి విల్లు, చీపురుపుల్ల బాణం. బాణం వేసేముందు కళ్ళు మూసుకొని మంత్రం గొణగడం. "నాది అగ్నిబాణం", "నాది వరుణబాణం, నీది ఆరిపోయింది", "నీది ఇంకా రాలేదు, నేను పక్కకు జరిగినా". ఈ వాదన భోజనం దాకా నడిచేది. అర్ధగంటకు పైన చూసింది, వారమంతా ఆడింది.

తొంభైల్లో కేబుల్ వచ్చింది. ఉదయ, జెమిని, ఈటీవీ. 1995లో కార్టూన్ నెట్‌వర్క్. అప్పుడు మొదటిసారిగా అయిపోని తెర మన ఇళ్ళలోకి వచ్చింది. అయినా ఆట పోలేదు. 2008లో హైదరాబాదు సంస్థ చేసిన ఛోటా భీమ్ వస్తే పిల్లలు ఉండలు చుట్టిన మట్టిని లడ్డులనుకొని తిన్నట్టు నటించి కండలు చూపించేవాళ్ళు. కార్టూన్ ఎంత చూసినా ఇంట్లో టీవీ ఒకటే. తాతకు వార్తలు కావాలి, అమ్మకు సీరియల్ కావాలి. పిల్లల వంతు అయిపోతే వీధిలోకి పోవాల్సిందే.

అదే సమయంలో వీధి కూడా మారిపోయింది. ఇది మన బళ్ళారి కథ, ఫోన్ మీదికి నెట్టి తప్పుకోకూడదు. 2003 తర్వాత ఇనుప ఖనిజానికి చైనా గిరాకీ పెరిగి, సండూరు కొండల నుంచి లారీలు రాత్రీ పగలూ నడిచాయి. 2011 జూలైలో సుప్రీంకోర్టు మన జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా ఆ రోడ్ల పక్క ఇళ్ళలో పిల్లల్ని గేటు దాటనిచ్చినవాళ్ళు లేరు. ఎర్రదుమ్ము పడని ఆకు లేదు. డబ్బు చేతిలో ఆడినవాళ్ళు కాంపౌండు గోడలు లేపారు. ఖాళీ జాగాలన్నీ లేఔట్లయ్యాయి. చేతిలో ఫోన్ లేని రోజుల్లోనే పిల్లల కాళ్ళ కింద వీధి పోయింది. దాన్ని తీసింది మనమే.

ఐదో తెర 2016 తర్వాతది. డేటా చవకైంది, ఇంటికొక ఫోన్ కాస్తా మనిషికొక ఫోన్ అయ్యింది. 2020 మార్చిలో బళ్ళు మూతపడ్డాయి. ఆ జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతుల పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు వద్దని చెప్పింది. జూలైలో హైకోర్టు ఆ ఉత్తర్వు అమలును ఆపింది. ఇద్దరి దగ్గరా కారణాలున్నాయి. చదువు ఆగిపోతే ఎలా అన్నది ఒకటి, చిన్నపిల్లలు గంటలకొద్దీ తెర ముందు ఎలా అన్నది ఇంకొకటి. చివరికి ఏమైందో మన ఇళ్ళలోనే చూశాము. ఫోన్ ముట్టుకోవద్దని చెప్పిన నోటితోనే ఫోన్ ముందు కూర్చోమని చెప్పాము. అది తప్పనిసరి. బళ్ళు తెరిచాక ఫోన్ మాత్రం వెనక్కి రాలేదు.

ఈ తెరకూ వెనకటి తెరలకూ తేడా ఏమిటి? మాకు తోచింది చెబుతాము. తోలుబొమ్మలాట తెల్లారితే అయిపోయేది. నాటకానికి తెర దించేవాళ్ళు. సినిమాకు శుభం కార్డు పడేది. రామాయణం మళ్ళీ ఆదివారం దాకా లేదు. ఫోన్‌లో ఒక వీడియో అయిపోకముందే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. దించే తెర లేదు కాబట్టి మర్నాడు లేదు. చూసినదాన్ని నమిలి తమది చేసుకునే ఖాళీ పిల్లలకు దొరకడం లేదు. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే. మేమూ చూశాము, తక్కువేమీ కాదు. కానీ మాకు మర్నాడు ఉండేది. మా మంచితనం వల్ల కాదు, తెర దానంతటదే పడిపోయేది కాబట్టి.

ఈ నటన ఆటల్ని తేలిగ్గా తీసుకోకూడదని చదివినవాళ్ళు కూడా చెబుతున్నారు. రష్యాలో వైగోట్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1933లో పిల్లల ఆట మీద చేసిన ప్రసంగంలో కట్టెగుర్రం ఉదాహరణ ఇచ్చాడు. పిల్లాడు కట్టెను గుర్రం అన్నప్పుడు, కంటికి కనిపించే వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడని ఆయన మాట. అక్షరం నేర్చుకోవడానికీ, లెక్కల్లో ఒక గుర్తు బదులు ఇంకొకటి వాడడానికీ కావలసింది ఆ శక్తే. ఇంకో మాట కూడా అన్నాడు. ఊహల ఆటలో కూడా నియమాలుంటాయి. అమ్మ వేషం వేసిన పిల్ల అమ్మలాగే నడుచుకోవాలి, ఏడవాలనిపించినా ఏడవకూడదు. బడిలో కూర్చోబెట్టి నేర్పలేని ఓపిక అక్కడ వస్తుంది.

మన పెద్దలకు ఇది తెలియక కాదు. పోతన భాగవతంలో రుక్మిణి చిన్నతనం చెప్పేటప్పుడు బొమ్మల పెళ్ళిళ్ళు, గుజ్జనగూళ్ళు వస్తాయి. కాబోయే లక్ష్మీదేవి అవతారానికి కూడా ఆ ఆటలు ఆడకుండా బాల్యం గడవలేదు.

ఎంతసేపు అన్నదానికి డాక్టర్ల మాట కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ళ లోపు వద్దనీ, ఐదేళ్ళ దాకా గంట చాలనీ, అది కూడా పెద్దవాళ్ళు పక్కన ఉండగా చూడాలనీ చెప్పింది. ఈ అంకెలు గోడ మీద రాసి పెట్టుకుంటే మంచిదే. కానీ గంట అయ్యాక ఫోన్ లాక్కొని ఆ పిల్లాణ్ణి ఏ వీధిలోకి పంపుతాము? ఎవరితో ఆడమని చెబుతాము? ఉగాది రోజు మన గదిలో జరిగింది అదే. ఫోన్ తీసేశాము, బదులు ఏమీ ఇవ్వలేదు.

తల్లుల మీద నేరం మోపడం కూడా మాకు ఇష్టం లేదు. ఈ ఊళ్ళో జీన్స్ కుట్టే ఇళ్ళు ఎన్నున్నాయో మీకు తెలుసు. పీసు లెక్కన కూలి. మిషను కింద సూది నడుస్తుంటే రెండేళ్ళ బిడ్డ చెయ్యి పెట్టకుండా ఉండాలంటే ఆ తల్లి చేతిలో ఉన్నది ఫోన్ ఒక్కటే. ఒకప్పుడు ఆ బిడ్డను చూసుకోవడానికి అవ్వ ఉండేది, పక్కింటి అక్క ఉండేది, అరుగు ఉండేది. ఆ మూడింటి పనీ ఇప్పుడు ఫోన్ చేస్తోంది. తిట్టే ముందు ఆ మూడింట్లో ఒకటైనా మనం ఇవ్వగలమా అని చూడాలి.

ఇక సంఘానికి సంబంధించిన అసలు సంగతి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజు బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, మనం ఇటు వచ్చాము. ఆ తగాదాలన్నీ అయిపోయాయి, కన్నడం మనకు అన్నం పెట్టిన భాష, దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. అడగాల్సింది ఒకటే. ఆఫీసులో లేని, చాలా బళ్ళలో లేని తెలుగు ఇన్నేళ్ళు ఇక్కడ ఎలా బతికింది? ఇళ్ళలో బతికింది, వీధి ఆటల్లో బతికింది. "నువ్వు రాజు, నేను దొంగ" అని మొదలైన చోట బతికింది. లగోరి ఆడేటప్పుడు లెక్క కన్నడంలో, తిట్టు తెలుగులో. అచ్చనగాయలంటే ఒకరికి, అణెకల్లు అంటే ఇంకొకరికి అర్థమయ్యేది, ఆట మాత్రం ఆగేది కాదు. పిల్లల దగ్గర పిల్లలు నేర్చుకున్న భాష అది.

మనం ప్రతి ఆదివారం తెలుగు తరగతి పెడుతున్నాము. అ ఆలు నేర్పుతున్నాము, పద్యాలు బట్టీ పట్టిస్తున్నాము. మంచిదే. కానీ ఆ పిల్లలకు తెలుగులో కొట్లాడుకోవడం రాదు. తెలుగులో బేరం ఆడడం, బుకాయించడం, అలిగి మళ్ళీ కలవడం రాదు. ఫోన్‌లో బొమ్మలు హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడుతుంటే వీళ్ళు వింటారు, తిరిగి జవాబు చెప్పాల్సిన పని లేదు. తరగతిలో నేర్చిన మాటకు వాడకం లేకపోతే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆటలు పోతే పిల్లలకు సరదా పోతుందని మాత్రమే మొదట అనుకున్నాము. ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో ఆ కారణమే పోతుందని ఇప్పుడు అర్థమైంది.

పోయిన ఆదివారం తరగతి అయ్యాక ఒక చిన్న ప్రయత్నం చేశాము. ఆ గదిలోనే తెల్ల పంచె కట్టి, వెనకాల ఒక బల్బు పెట్టాము. కింద అట్టముక్కలు, కత్తెర, చీపురుపుల్లలు. ఏం చేయాలో చెప్పలేదు. మేము బయట అరుగు మీద కూర్చున్నాము. మా ఫోన్లు కూడా ఒక సంచిలో వేసి పక్కన పెట్టాము. నిజం చెప్పాలంటే ఆ సంచి వైపు పిల్లల కంటే మేమే ఎక్కువసార్లు చూశాము.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. విసుగు వచ్చిందని ముగ్గురు బయటికి వచ్చారు. పోయి కూర్చోండన్నాము. తర్వాత ఉగాది రోజు ప్రశ్న అడిగిన పిల్లాడే తన చెప్పు ఒకటి తీసి బల్బు ముందు పెట్టాడు. పంచె మీద పెద్ద నీడ పడింది. "లారీ" అన్నాడు. "లారీ కాదు, మొసలి" అంది ఒక పాప. "బళ్ళారిలో మొసలి యాడుంటుంది?" "తుంగభద్రలో ఉంటుంది, మా మామ చూసినాడు." ఇంకో పిల్ల కన్నడంలో కల్పించుకొని మొసలికి ఆకలేస్తోందని చెప్పింది. అంతే, అట్టముక్కలు కత్తిరించడం మొదలైంది. మొసలికి చేపలు కావాలి, చేపలకు నది కావాలి, నదికి డ్యామ్ కావాలి. డ్యామ్ గేటు ఎవరు తీయాలన్న దాని మీద పెద్ద గొడవ. గొడవ తెలుగులోనే జరిగింది.

అన్నీ సర్దుకున్నాయని మేము చెప్పడం లేదు. ఒక్క ఆదివారం అది. ఇద్దరు పిల్లలు చివరిదాకా గోడ దగ్గరే ఉన్నారు. ఇంటికి పోగానే అందరూ ఫోన్లు అడిగారని తల్లిదండ్రులు చెప్పారు. కానీ మరుసటి రోజు ఒక తండ్రి చెప్పింది విని మాకు సంతోషమైంది. రాత్రి కరెంటు పోతే, ఆయన టార్చ్ వెలిగించగానే కూతురు గోడ మీద చేతి నీడతో మొసలిని చేసి, "నాయనా, గేటు తియ్యి, దానికి నీళ్ళు రావాల" అన్నదట.

అందువల్ల మా మనవి ఇది. టీవీకి అనుకున్న డబ్బు వాడొద్దు. ఆ గదిని ప్రతి ఆదివారం రెండు గంటలు పిల్లలకు ఇలాగే వదిలేద్దాము. పెద్దవాళ్ళు ఇద్దరు బయట అరుగు మీద ఉంటే చాలు, లోపలికి పోయి ఆట నేర్పకూడదు. జీన్స్ పని చేసే ఇళ్ళ పిల్లలు కూడా, సంఘ సభ్యులైనా కాకపోయినా, ఏ భాషవాళ్ళైనా, రావచ్చని చెబుదాము. ఏరువాక పున్నమి అయిన పదిహేను రోజులకు మణ్ణెత్తిన అమావాస్య వస్తుంది. ఆ రోజుకు చెరువు మట్టి రెండు బుట్టలు తెప్పిద్దాము. ఎద్దుల్ని చేయడం వచ్చిన అవ్వలు, జేజిలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళు తమ ఎద్దుల్ని తాము చేసుకుంటూ కూర్చుంటే చాలు, పిల్లలు చూస్తారు.

ఇంట్లో పాత తెల్ల పంచె ఉన్నవాళ్ళు వచ్చే ఆదివారం తీసుకురండి. ఇప్పుడున్నది డ్యామ్ కట్టడానికని పిల్లలు కత్తిరించేశారు.